మా మేనత్త తగ్గిన రెండంగుళాలు

ఆ రోజుల్లో, అంటే తొంభైల మధ్యలో, మా బెజవాడలో మాటకారికి బతుకుతెరువు వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు. నోరుంటే బస్టాండులో దువ్వెనలమ్ముకోవచ్చు, చీరల కొట్లో గుమాస్తాగా చేరొచ్చు, కోచింగ్ కాలేజీలో లెక్కలు కూడా చెప్పొచ్చు. అలాంటి ఊళ్ళో పుట్టి, చిన్నప్పట్నుంచీ నోటితోనే నెట్టుకొచ్చిన నాకు దొరికిన మొదటి ఉద్యోగం నోరు మూసుకోవడం. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. (నేనీ మాట అన్నప్పుడల్లా మా ఆవిడ పక్కగదిలోంచి దగ్గుతుంది. మీరు పట్టించుకోకండి.)

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడమీద రెండు గదుల ఆఫీసు. అందులో ఒక డాక్టరమ్మ గారు. మనిషిని చూడగానే ఎంత బరువుంటారో అంచనా కట్టేవారు కాబట్టి వెనకాల మేం తూకం మేడమ్ అనేవాళ్ళం. ఆవిడ చేస్తున్న పరిశోధన ఏమిటంటే, గర్భిణులు ఏం తింటున్నారు, నెలనెలా ఎంత బరువు పెరుగుతున్నారు, కాన్పయ్యాక మళ్ళీ వెంటనే గర్భం రాకుండా ఏం చేస్తున్నారు. భవానీపురంలో రెండు వీధులు తీసుకున్నారు. మొదటి వీధిలో నర్సమ్మ వెళ్ళి రాగి, వేరుశెనగ, బెల్లం కలిపిన ఉండలిచ్చి, ఏం తినాలో చెప్పి వస్తుంది. రెండో వీధిలో ఏమీ ఇవ్వరు, ఏమీ చెప్పరు, ఊరికే తూచి, అడిగి, రాసుకొస్తారు. రెంటికీ తేడా చూస్తే ఉండల మహిమ తెలుస్తుంది. ఆ రెండో వీధికి కుదిరిన అమ్మాయి బ్యాంకు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోవడం వల్ల, స్టాటిస్టిక్స్‌తో బీయస్సీ గట్టెక్కి, సొంత సైకిలున్న నేను ఆ స్థానంలోకి వచ్చి పడ్డాను.

"నువ్వొక గోడవనుకో. గోడ చూస్తుంది, రాసుకుంటుంది. సలహా మాత్రం ఇవ్వదు," అన్నారు మేడమ్.

"గోడ రాసుకుంటుందా మేడమ్?"

"చూశావా, అప్పుడే మొదలెట్టావు."

తూకపు మిషను సైకిలు క్యారేజీకి కట్టుకుని వీధిలోకి దిగిన మొదటి రోజే తెలిసింది, ఆడవాళ్ళని తూచడం బియ్యం తూచినంత తేలిక కాదని. అంకె పైకి చెబితే దిష్టి. అందుకని కాగితమ్మీద రాసి చూపించాలి. ఎన్నో నెల అని అడిగితే అది ఇంకా పెద్ద దిష్టి. ప్రతి ఇంట్లోనూ ఒక నెలో, రెండు నెలలో తగ్గించి చెప్పేవాళ్ళు. దాంతో నా రిజిస్టరు ప్రకారం ఆ వీధి పిల్లలందరూ ఏడో నెలలోనే పుట్టి, పుట్టగానే మూడు కిలోలు తూగేవారు. మేడమ్ ఆ కాగితాలు చూసి కళ్ళజోడు తుడుచుకోవడం నేను రెండుసార్లు గమనించాను.

వీధి చివరి ఇల్లు కళాయి మామ్మది. ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టడం ఆ సాయిబుల కుటుంబం వృత్తి. మామ్మ భర్త పోయాక కూడా ఆవిడే కొలిమి ముందు కూర్చునేది. కొడుకు లారీ డ్రైవరు. కోడలికి పంతొమ్మిదేళ్ళు, తొలి చూలు. మామ్మ చెప్పిన లెక్కకి నాలుగో నెల, అంటే మనం అయిదో ఆరో అనుకోవాలి.

ఫారం చివర్లో ఒక ప్రశ్న ఉండేది, గర్భం రాకుండా ఇదివరకు ఏ పద్ధతి వాడారని. ఇరవై రెండేళ్ళ పెళ్ళికాని కుర్రాణ్ణి, ఆ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి నా చెవులు కళాయి కొలిమిలా ఎర్రబడేవి. తల వంచుకుని గబగబా చదివాను. కోడలు పిల్ల కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మామ్మ మాత్రం పట్టుకారు పక్కన పెట్టి శాంతంగా చెప్పింది.

"మావాడు లారీ ఎక్కాడంటే పదిహేను రోజులు ఇంటి మొహం చూడడు బాబూ. అదే మా పద్ధతి. రాసుకో."

రాసుకున్నాను. గోడని కదా.

మొదటి నెల ఆ పిల్ల నలభై మూడు కిలోలు. రెండో నెలా నలభై మూడే. మూడో నెల మిషను పాడైందేమోనని నేనెక్కి చూశాను. మిషను బాగానే ఉంది. నిన్న ఏం తిన్నావమ్మా అని అడగడం ఫారంలో ఉంది కాబట్టి అడిగాను. పొద్దున టీలో ఒక బిస్కెట్టు, మధ్యాహ్నం గరిటెడన్నం, రాత్రి మజ్జిగ అంది. నా మొహంలో ఏం కనిపించిందో గాని మామ్మే అందుకుంది.

"ఎక్కువ తింటే బిడ్డ లావైపోద్ది బాబూ. నా మొదటి కాన్పు మూడు రోజులు పట్టింది. అంత పెద్ద బిడ్డ. దక్కలేదు. ఈ పిల్లకి ఆ గతి పట్టనిస్తానా?"

కోడలిని మాడ్చి దాచుకునే అత్త కాదావిడ. తన భయం కొద్దీ కాపాడుకుంటున్నాననుకుంటోంది. పెన్ను క్యాపు పెట్టాను. మామ్మ బొగ్గులు తేవడానికి పెరట్లోకి వెళ్ళింది. అప్పుడా పిల్ల చాలా మెల్లగా అడిగింది.

"అన్నయ్యా, ఆకలేస్తందని కూడా రాస్తారా అందులో?"

ఫారం ముందుకీ వెనక్కీ తిప్పాను. నాలుగు పేజీలు. పప్పుకి గడి ఉంది, గుడ్డుకి గడి ఉంది, అరటిపండుకి గడి ఉంది. ఆకలికి గడి లేదు.

మామ్మ తిరిగొచ్చేసరికి నాకొక మేనత్త పుట్టింది. సలహా ఇవ్వకూడదన్నారు గాని, చుట్టాల కబుర్లు చెప్పకూడదని మేడమ్ ఎక్కడా అనలేదు.

"మా మేనత్తకీ ఇట్టాగే చేశారు మామ్మా, కంకిపాడులో," అన్నాను మిషను సైకిలుకి కట్టుకుంటూ. "బిడ్డ చిన్నగా ఉండాలని కడుపు మాడ్చారు. లోపలున్నవాడు ఊరుకుంటాడా? పైనుంచి తిండి రాకపోయేసరికి తల్లి ఎముకలు తినడం మొదలెట్టాడు. కాన్పయ్యేసరికి మా మేనత్త రెండంగుళాలు పొట్టిదైపోయింది."

మామ్మ బొగ్గుల బుట్ట దించలేదు. "రెండంగుళాలని అంత కచ్చితంగా ఎట్టా తెలిసింది?"

కోతలు కోసేవాళ్ళకి ఇలాంటి ప్రశ్నలంటే మహా భయం. నా చూపు ఆవిడ చేతిలోని బుట్ట మీదా, వెనకున్న గుమ్మం మీదా పడింది. "పెళ్ళికి ముందు గుమ్మానికి బొగ్గుతో గీత గీసి పెట్టారు మామ్మా. కాన్పయ్యాక నిలబెడితే తల గీతకి అందలేదు. అది పోనీలే అనుకోండి. అటక మీద సామాను అంతకుముందు తనే తీసేది. పొట్టిదయ్యాక అందక అత్తగారే స్టూలెక్కాల్సొచ్చింది. ఒకరోజు స్టూలు జారి ఆవిడ తుంటి విరిగింది. ఇప్పటికీ మంచంలోనే ఉంది."

మామ్మ తలెత్తి గుమ్మంలోంచి తన అటక వంక చూసింది. దాని మీద పెద్ద పెద్ద ఇత్తడి డేగిసాలు వరసగా బోర్లించి ఉన్నాయి. చాలాసేపు వాటినే చూసింది. తర్వాత బుట్ట దించి వంటింట్లోకి పోయింది.

మరుసటి నెల నేను వెళ్ళేసరికి గుమ్మానికి నల్లటి గీత ఉంది. ఇంట్లో నల్లి బొక్కల పులుసు ఘుమాయిస్తోంది. (ఎముకలు పోతున్నాయి కాబట్టి ఎముకలే పెట్టాలన్నది మామ్మ సిద్ధాంతం.) మిషను ముల్లు నలభై అయిదు దాటింది. కోడలు పిల్ల కాగితమ్మీద అంకె చూసి, నా వంక చూడకుండా నవ్వుకుంది. నేనా సంతోషంలో బయటికొచ్చి వీధి చూద్దును కదా, పక్కింటి గుమ్మానికో గీత, ఎదురింటి గుమ్మానికో గీత. మా మేనత్త నాకంటే ముందే వీధంతా తిరిగేసింది. అత్తలందరూ ప్రతి శుక్రవారం కోడళ్ళని గుమ్మానికి ఆనించి కొలుస్తున్నారు. గుడ్లు ఉడుకుతున్నాయి, పాలు కాగుతున్నాయి. స్టూళ్ళన్నీ మాత్రం మాయమైపోయాయి.

ఇక ఆఫీసులో మేడమ్ గీసిన గ్రాఫులో ఏమీ ఇవ్వని మా వీధి దుర్గ గుడి మెట్లలా పైకెక్కిపోతోంది. ఉండలిచ్చిన వీధి ప్రకాశం బ్యారేజీలా చదునుగా ఉంది. (ఉండలు తిన్నది ఆ వీధి మొగుళ్ళూ, మామలూ అని తర్వాత తేలింది. వాళ్ళు బరువు పెరిగే ఉంటారు, వాళ్ళని తూచే ఏర్పాటు పరిశోధనలో లేదు.) ఇదేమిటో చూద్దామని మేడమ్ ఒక పొద్దున నన్ను ఆటో ఎక్కించుకుని స్వయంగా వచ్చారు. నాలుగు గుమ్మాలు దాటేసరికి ఆగిపోయారు.

"ఈ గీతలేమిటి?"

నేను గోడనయ్యాను. కాని వీధి చివర మామ్మ ఉంది కదా. మేడమ్‌ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మా మేనత్త చరిత్ర మొదటి నుంచీ చెప్పింది. నేను చెప్పినదానికి ఆవిడ కొంత చేర్చింది కూడా. అత్తగారికి రెండు తుంట్లూ విరిగాయి. "ఈ అబ్బాయి మంచోడండీ, సొంతింటి కష్టం కూడా దాచుకోకుండా చెప్పాడు," అని ముగించింది.

తిరుగు ప్రయాణంలో మేడమ్ నా రిజిస్టరు మొదటి పేజీ నుంచీ తిరగేశారు. "మీ మేనత్త ఇప్పుడెక్కడుంటారు?" అన్నారు చివరికి.

"నాకు మేనత్తల్లేరు మేడమ్. మా నాన్న ఒక్కడే కొడుకు."

ఆవిడ మొహం అటు తిప్పుకున్నారు. భుజాలు కదలడం చూసి కోపం అనుకున్నాను. బెంజ్ సర్కిల్ సిగ్నలు దగ్గర ఇటు తిరిగాక కళ్ళు తుడుచుకుంటుంటే గాని అది నవ్వని తెలియలేదు. కాని ఆఫీసుకి వెళ్ళాక మామూలు గొంతుతోనే చెప్పారు. "నువ్వు చేసింది ఆ పిల్లలకి మంచిదే. నా పరిశోధనకి మాత్రం తద్దినం. ఆ వీధి మొత్తం కొట్టేయాలి. నెలాఖరు దాకా వచ్చి కాగితాలు అప్పగించెయ్."

ఆ నెలాఖరునే కళాయి మామ్మ కోడలు ప్రసవించింది. మామ్మ లెక్కకి ఏడో నెల, పిల్లాడు మూడు కిలోలు. కాన్పు ఒక్క పూటలో అయిపోయింది. నా ఉద్యోగం పోయిందని చెప్పి వద్దామని వెళితే, మామ్మ మిఠాయి తేవడానికి లోపలికెళ్ళిన సమయం చూసి ఆ పిల్ల అంది.

"అన్నయ్యా, రెండోది అప్పుడే వద్దనుకుంటున్నా. ఆయన ఈసారి నెల రోజులు ఇంటి దగ్గరే ఉంటాడంట. అత్తమ్మకి దానిక్కూడా ఒక కథ చెప్పండి."

ఆకలంటే నాకు తెలుసు కాబట్టి దాని మీద ఎంతైనా అల్లగలిగాను. ఇది నాకు బొత్తిగా తెలియని సబ్జెక్టు. తెలియని దాని మీద అబద్ధమాడటం చాలా కష్టం. నా ఎర్రబడ్డ చెవులు చూసి ఆ పిల్లే జాలిపడింది. "పోనీలెండి," అంది. తలొంచుకుని వచ్చేశాను.

ఎనిమిదేళ్ళ తర్వాత మా అమ్మ ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టించమని తరిమితే మళ్ళీ ఆ వీధికి వెళ్ళాను. మామ్మకి చూపు మందగించినా నా గొంతు పట్టేసింది. గుమ్మానికి పాత గీత అలాగే ఉంది. దానికి బాగా దిగువన ఇంకో గీత. వాకిట్లో ఎనిమిదేళ్ళ వాడొకడు, మూడేళ్ళదొకతె ఆడుకుంటున్నారు.

"ఈ కింది గీతేంటి మామ్మా?"

"నువ్వు చెప్పిందేగా. పెద్దోడి తల ఆ గీతకి తగిలేదాకా రెండో కాన్పు రాకూడదని, వస్తే తల్లి ఇంకో రెండంగుళాలు తగ్గుద్దని. మీ మేనత్తకి అట్టాగే అయిందంటగా. నేనే దగ్గరుండి పెద్దాసుపత్రికి తీసికెళ్ళి లూపు వేయించుకొచ్చా."

నేను కోడలి వంక చూశాను. గిన్నెలు లెక్కపెట్టుకుంటోంది, తలెత్తలేదు.

"అవును మామ్మా, నేనే చెప్పాను," అన్నాను. నా జీవితంలో ఇంకొకరి అబద్ధాన్ని నాదని ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

"పాపం, ఇప్పుడెట్టా ఉందయ్యా ఆవిడ?"

"బాగానే ఉంది మామ్మా. పైవి అందకపోతే ఎవరో ఒకరు అందిస్తారు."

గిన్నెలు సైకిలుకి కట్టుకుంటుంటే వెనకనుంచి కోడలి గొంతు వినిపించింది. "అన్నయ్యా, మేనత్తని అడిగానని చెప్పండి."

ఇప్పుడు నాకు యాభై దాటాయి. అటక మీదవి అందుకోబోతే నిరుడు అందిన చెయ్యి ఈసారి అందడం లేదు. మా ఆవిడ స్టూలు తెచ్చి వేస్తుంది. జాగ్రత్త, జారుద్ది అంటుంది. నేను దాని మీద నిలబడి, లేని మా మేనత్తని తలుచుకుని, ఆ పిల్ల అడిగానన్న కబురు ఇంకా అందజేయలేదే అనుకుంటాను.