పూర్తి వాక్యంలో జవాబు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలులో గుడారాల కింద ఆఫీసులు నడుస్తున్న రోజుల్లో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. ఆత్మకూరుకు పది మైళ్ళ దూరంలో ఒక పల్లె బడి. అయిదు తరగతులకు ఇద్దరమే అయ్యవార్లం. ఒకరు హెడ్మాస్టరు, రెండోవాణ్ని నేను.

ఆయన నాకు కొత్తవారు కాదు. చిన్నప్పుడు ఆత్మకూరులో నాకు నాలుగో తరగతి చెప్పింది ఆయనే. మాది దూదేకుల ఇల్లు. మా నాయన పరుపులు కుట్టేవాడు. నాలుగుతో చదువు మాన్పించి నన్ను దూది ఏకే విల్లు ముందు కూర్చోబెట్టాలనుకున్నాడు. ఈ అయ్యవారు మూడుసార్లు మా ఇంటికి వచ్చి, ఎగిరే దూది మధ్యలో దగ్గుకుంటూ కూర్చుని, మా నాయనను ఒప్పించి పోయారు. నా ట్రైనింగ్ అయ్యాక తిరగాల్సిన ఆఫీసులన్నీ తిరిగి తన బడికే నన్ను వేయించుకున్నారు. ఊరి పెద్దలిద్దరు ఆయన దగ్గరకు వచ్చి, సాయిబు తెలుగు చెప్పేదేందని అడిగారట. "అది నా దగ్గర నేర్చుకున్న తెలుగప్పా. మీకు అనుమానముంటే నన్నడగండి" అన్నారట ఆయన. ఆ మాట నా చెవిన పడిన రోజు రాట్నం మీద నూలులా నా మనసంతా ఆయన చుట్టూ చుట్టుకుంది.

నాకు అప్పగించిన నాలుగో తరగతిలో పదిహేనుమంది పిల్లలు. వాచకాలు మూడే ఉండేవి. అందుకని నేనే బోర్డు మీద చిన్న చిన్న కథలు రాసి, చదివించి, కింద ప్రశ్నలు రాసేవాణ్ని. పిల్లలు కథను బాగానే అర్థం చేసుకునేవాళ్ళు. జవాబు మాత్రం ఒక్క ముక్కలో పడేసేవాళ్ళు. "ముసలవ్వ ఎక్కడికి పోయింది?" అంటే "సంతకి" అని పలక కింద పెట్టేవాళ్ళు. జవాబు ఒక్కటే చదివినవాడికి కూడా ఎవరు, ఎక్కడికి, ఏం చేశారు అన్నది తెలియాలి కదా అని వాళ్ళ వెంట పడ్డాను. ప్రశ్నలోని మాటలను వదలొద్దు, ఎక్కడికి అన్న మాట తీసి దాని చోట సంత అనే మాట పెట్టండి అని నేర్పాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనేవి పదిరోజుల్లో వచ్చేశాయి. "ఎందుకు" దగ్గర మాత్రం తరగతి తరగతంతా కూలబడింది. ఒక మాట తీసి ఇంకో మాట పెడితే దానికి జవాబు రాదు.

వెదురు తట్టలు అల్లే ఇంటి పిల్ల ఒకతె ఉండేది. ఇంకో కథలో ముసలవ్వ సంతకు ఎందుకు పోలేదని అడిగితే మొదట "కాలినొప్పి" అని రాసింది. మరునాడు "కాలినొప్పి సంతకు పోలేదు" అని రాసింది. నేను చెరిపినప్పుడల్లా మొండిగా మళ్ళీ రాసేది. వారం తర్వాత "ముసలవ్వకు కాలు నొప్పిగా ఉంది కాబట్టి ఆమె సంతకు పోలేదు" అని రాసి తెచ్చింది. ఆ పలకను తరగతంతా తిప్పి చూపించాను.

ఆ పిల్ల అవ్వ ఒకరోజు బడి గడప దగ్గరకు వచ్చి నిలబడింది. "ఏం చెప్తాండావప్పా బళ్ళో? కూడు తిన్న్యావా అంటే 'నేను కూడు తిన్నాను' అంటాది. తిన్న్యా అంటే సరిపోదా?" అంది. కోపంగానే వచ్చింది గాని, మనవరాలు చెప్పే తీరు చేసి చూపిస్తూ తనే నవ్వేసింది.

అట్లా సాగుతుండగా మా నాయనకు జ్వరమని కబురొచ్చింది. తనిఖీ దగ్గరలో ఉందని నేను వెనకాడుతుంటే హెడ్మాస్టరే, ముందు నాయనను చూసుకోమని, తరగతిని తను చూసుకుంటానని చెప్పి పంపించారు. ఆరు రోజులుండి, నాయనకు నయమయ్యాక వచ్చాను. మరునాడే డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు.

ఆయన వాచకంలో బావి పాఠం తీయించి, పిల్లల చేత చదివించారు. తర్వాత పుస్తకం మూసి, "ఈ బావిని ఎవరు తవ్వించారు?" అని మొదటివాణ్ని అడిగారు. వాడు చేతులు కట్టుకుని లేచి, "ఊరిలో నీళ్ళు లేవు కాబట్టి ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచేవారు" అన్నాడు. ఒక్క తప్పు లేని వాక్యం. "బావి ఎంత లోతు?" అని రెండోవాణ్ని అడిగారు. "ఈ బావిని ఊరి రెడ్డిగారు తవ్వించారు" అన్నాడు వాడు. మూడో పిల్ల అడగక ముందే లేచి, బావి లోతు ఎంతో చెప్పేసింది.

మొదట నాకేమీ అర్థం కాలేదు. నాలుగోవాడు నోరు తెరిచేసరికి అర్థమైంది. ఎవరో ఈ పిల్లలకు ప్రశ్నలు కాకుండా జవాబులే, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, వరసగా బట్టీ పట్టించారు. ఇన్‌స్పెక్టరు గారు ఆ వరసలో అడగలేదు.

ఈ తరగతి ఎవరిదని అడిగారు. నేను హెడ్మాస్టరు ముఖంలోకి చూశాను. ఈ ఆరు రోజులు తనే పాఠం చెప్పానని ఆయన అంటారని ఎదురుచూశాను. "ఈయనదే సార్. కొత్తవాడు, నేర్చుకుంటాడు" అన్నారు ఆయన. ఇన్‌స్పెక్టరు గారు నా పేరు అడిగారు. చెప్పాను. "ఓహో" అని ఊరుకున్నారు. బడి తనిఖీ పుస్తకంలో మాత్రం, నాలుగో తరగతి ఉపాధ్యాయుడు పిల్లలకు అర్థం చెప్పకుండా బట్టీ పట్టిస్తున్నాడని, తెలుగు చెప్పడానికి తగడని రాసి పోయారు.

పై అధికారి ముందు నా గురువు అబద్ధమాడుతున్నారని ఎట్లా అనేది?

సాయంత్రం బడి వదిలాక తట్టలల్లే ఇంటి పిల్లను ఆపి, ముందే నాకెందుకు చెప్పలేదని అడిగాను. కోప్పడలేదు. ఆ పిల్ల చేతులు కట్టుకుని, "పెద్దయ్యవారు చెప్పొద్దన్నారు కాబట్టి నేను చెప్పలేదు సార్" అంది. ఎంత బాగా చెప్పింది! ఇంటికి పొమ్మన్నాను.

అక్కడి నుంచి నేరుగా ఆయన ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటున్నారు. నన్ను చూసి చేట పక్కకు జరిపారు. నేను కూర్చోలేదు. నేనడగకముందే ఆయనే మొదలుపెట్టారు. పోయిన తనిఖీలో తన మీద చెడ్డగా రాశారని, మళ్ళీ రాస్తే అడవి పక్క ఊరికి వేస్తారని, రిటైరయ్యేందుకు రెండేళ్ళే ఉన్నాయని చెప్పారు. ఇన్‌స్పెక్టరు ఏ ఊళ్ళోనైనా బావి పాఠమే అడుగుతాడని పక్క ఊరి అయ్యవారు చెప్పారట. నేను లేని ఆరు రోజులూ ఆ పాఠమే వల్లె వేయించారట.

"ఎట్ల అడుగుతాడో నాకేం తెలుసప్పా? తప్పయిపాయె. నువ్వు చిన్నోనివి, తట్టుకుంటావు. నిన్ను నా బిడ్డనుకున్న్యా. తండ్రి మీద పడేది బిడ్డ మొయ్యడా?"

"అడిగింటే మోసేవాణ్ని సార్" అన్నాను.

ఆయన శనక్కాయ ఒకటి ఒలుస్తూ, పొట్టు చేటలో వేసి, గింజలు కింద వేశారు. నేను వచ్చేశాను.

నెల తిరక్కముందే నాకు ఒకటో తరగతి ఇచ్చారు. నాలుగో తరగతి పిల్లలు కిటికీలోంచి నా వైపు చూసేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు "మేం ముందే అనలా" అన్నారని తెలిసింది. ఈసారి వాళ్ళకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఏడాది చివర నన్ను బేతంచెర్ల దగ్గరి బడికి మార్చారు. హెడ్మాస్టరు ఆ పాత ఊళ్ళోనే రిటైరయ్యారు. సన్మానానికి రమ్మని కార్డు రాశారు. నేను పోలేదు.

బేతంచెర్లలో నాతోపాటు పనిచేసిన అయ్యవారు మంచివాడు. నాపరాళ్ళ గనుల్లో పనిచేసే ఇంటినుంచి వచ్చినవాడు, మాటా, మనసూ ఒకటే. ఇద్దరం మధ్యాహ్నం ఒకే చెట్టు కింద సద్ది విప్పుకునేవాళ్ళం. మా చెల్లెలి నిఖా కుదిరి నేను నాలుగు రోజులు పోవాల్సి వస్తే, నా తరగతి తను చూసుకుంటానన్నాడు. అవసరం లేదని, పిల్లలకు సెలవిచ్చి పోతానని చెప్పాను. నిజంగానే పైవాళ్ళకు తెలియకుండా నాలుగు రోజులూ నా తరగతికి సెలవిచ్చేశాను.

తిరిగొచ్చాక అతను, "నేనేం చేసినానని నన్ను నమ్మవు?" అని అడిగాడు. అతను ఏమీ చేయలేదు. ఆ మాటే అతనికి చెప్పి ఉండాల్సింది. ఏదో పనున్నట్టు లేచి లోపలికి పోయాను. ఆ తర్వాత అతను తన సద్ది వేరే చోట విప్పుకునేవాడు.