పప్పులో చేదు

పాలకుర్తిలో ఉద్యమ జెండాలు కుట్టిన దర్జీ నబీసాబ్ మిషన్ ఆపేసి చాన్నాళ్లయింది. పోలీసులు తన భార్యకు తనను చంపే మందు ఇచ్చారనీ, ఆమె దాన్ని పప్పులో కలుపుతోందనీ అతని నమ్మకం. ఇంటి తిండి మానేసి బన్నుల మీద బతికాడు. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగాయి, బందులకు దుకాణాలు మూతపడ్డాయి. బన్నూ దొరకలేదు. మనిషి ఎముకల గూడయ్యాడు.

సమ్మెకు ముందు ఒకసారి వరంగల్ దవాఖానలో చూపించారు, మళ్లీ పోయేందుకు దారి లేదు. జనగామ నుంచి కౌసల్య అనే మానసిక ఆరోగ్య కార్యకర్త స్కూటీ మీద వచ్చేది. మందులిచ్చేది కాదు, మాట్లాడేది. పాతుకుపోయిన నమ్మకాన్ని కొట్టిపారేయకుండా, రోగితో కలిసి పరీక్షించి చూడడం ఆమె నేర్చుకున్న వైద్యం.

"ఇన్ని అడిగేటోళ్లు సీఐడీలే," అన్నాడు నబీసాబ్ మొదట్లో. దీక్షా శిబిరం పక్కన మఫ్టీ పోలీసులు నిజంగానే కూర్చునే రోజులవి. అనుమానమంతా జబ్బేనని ఎవరు తేల్చగలరు?

ఒక రోజు అతని భార్య రషీదా బేగం పప్పు గిన్నె ముందు పెట్టింది. అతను ముట్టలేదు.

"చేదుగుంటది. నాకు తెల్వదా?"

"లేదని నేనంటలేను అన్నా. ఇద్దరం చూద్దం. నీ గిన్నెలదే నేనూ తింట," అంది కౌసల్య.

రషీదా చటుక్కున గిన్నె లాక్కుంది. "వద్దు చెల్లె! నీకు వేరే పెడత."

ఇంటికొచ్చినవాళ్లకు ముద్ద పెట్టనిదే పంపని మనిషి, గిన్నెను కొంగు కింద దాచింది.

"చూసినవా! చెప్పలే?" నబీసాబ్ గొంతులో భయం కన్నా గెలుపే ఎక్కువ.

ఇప్పుడు కౌసల్యకూ అనుమానం పట్టుకుంది. "ఏం కలిపినవ్ అక్కా?"

"దవాఖానోళ్లిచ్చిన గోలీలే. చేతికిస్తె ఉమ్మేస్తుండు. నూరి కలిపిన. చావనియ్యాల్నా మరి?"

"పోలీసోళ్లు ఇయ్యలే?" అన్నాడు నబీసాబ్.

"నీ వంకర కుట్లకు ఏ పోలీసోడు భయపడ్తడయ్యా!"

అతను నవ్వలేదు. మందు మంచిదే కావచ్చు. చెప్పకుండా మింగించడం మాత్రం మోసమే. ఆ మోసమే అతని అనుమానం వైపు సాక్ష్యం చెప్పింది.

"చేదు నిజమే అన్నా. నీ భ్రమ అనుకున్న, తప్పు నాదే. పోలీసుల ముచ్చట వేరే, అది ఇంకా చూడాలె," అంది కౌసల్య.

"ఇగ కలపను," అంది రషీదా, తలెత్తకుండా.

నబీసాబ్ గోలీల అట్ట అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో పెట్టుకున్నాడు. మింగుతాడో లేదో ఎవరూ అడగలేదు. రషీదా మళ్లీ పప్పు వండి అతనికీ తనకూ వడ్డించింది. అతను ఆమె గిన్నెను తనవైపు లాక్కుని, తనది ఆమె ముందుకు తోశాడు.

"ముందు నువ్వు తిను."

ఆమె తింది. అప్పుడు తిన్నాడు.