నీలం రంగు ఆయనది, ఇటుక రంగు నాది

ఆ రోజు మధ్యాహ్నంలోపే మగ్గం గుంతలోంచి ఏడుసార్లు లేచాను. చెంబులకు చెంబులు నీళ్లు తాగినా నోరు ఆరిపోయేది. తాగినదంతా పెరట్లోకి పరుగులకే సరిపోయేది. డెబ్బైల నడిమి సంగతి. నాకప్పుడు పదహారేళ్లు. మాది ఎమ్మిగనూరులో నేత ఇల్లు. నెల తిరక్కముందే నా జాకెట్లన్నీ వదులైపోయాయి.

ఆదోని డాక్టరు టెస్టులు చేయించి డయాబెటిస్ అన్నారు. రోజూ ఇన్సులిన్ వేయాలని, ఒక్క పూట కూడా ఆపొద్దని అమ్మకు రెండుసార్లు చెప్పారు. గాజు సిరంజి ఉడకబెట్టడం, మందు సీసాను తడి ఇసుక కుండలో దాచడం అమ్మ నేర్చుకుంది. ఇంట్లో టెస్టుకు బెనెడిక్ట్ సొల్యూషన్ ఇచ్చారు. ఆ నీలం మందును గాజు ట్యూబులో పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచాలి. షుగర్ లేకపోతే నీలంగానే ఉంటుంది. పెరిగేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుక రంగు. నూలుకు రంగులద్దే ఇంట్లో ఈ లెక్క ఎవరికీ నేర్పనక్కర్లేదు.

అదే నా కొంప ముంచింది. మా పెదనాయనకూ షుగరే. యాభై దాటాక వచ్చింది. వరి అన్నం మాని, కొర్రన్నం, కాకరకాయ తిని అణిచేశానని ఊరంతా చెప్పుకునేవాడు. ఇంట్లో ఆయన మాటకు ఎదురులేదు. ఒకరోజు మగ్గాల ముందు, నేసేవాళ్లందరూ చూస్తుండగా, ఆయన ట్యూబు, నా ట్యూబు పక్కపక్కనే కాచాడు. ఆయనది నీలం. నాది ఇటుక రంగు.

"ఇద్దరిదీ ఒకటే జబ్బు. నాకు లేని సూది దీనికెందుకురా? ఇది దొంగతిండి తింటాంది," అన్నాడు మా నాయనతో.

సూది ఆపించాడు. కొర్రన్నం కూడా పిడికెడే పెట్టించాడు. బెల్లం డబ్బాకు తాళం వేయించాడు. నేను తినలేదని ఏడ్చినా నమ్మినవాళ్లు లేరు. నాతోపాటు నేసేవాళ్లే నవ్వారు. మూడో రోజుకు వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస. ఆదోనికి ఎలా తీసుకుపోయారో నాకు తెలియదు.

సెలైన్ ఎక్కుతుండగా కళ్లు తెరిచేసరికి డాక్టరు మా నాయనను నిలదీస్తున్నారు. ఇన్సులిన్ అందక రక్తంలో విషంలా పేరుకునే కీటోన్స్ త్రీ ప్లస్‌కు చేరాయన్నారు. "మీ అన్న ఒంట్లో ఇన్సులిన్ ఉంది, సరిగా పనిచేయదంతే. పథ్యానికి, మాత్రలకు లొంగుతుంది. ఈ పిల్ల ఒంట్లో అది తయారే కాదు. పస్తులున్నా షుగర్ పెరుగుతుంది. మీరు ఆపింది సూది కాదు, ఊపిరి."

పెదనాయన చూడ్డానికొచ్చి, దేవుడు కాపాడాడన్నాడు. తప్పయిందని మాత్రం అనలేదు. ఆ మంచం మీదే పగ పట్టాను.

తర్వాత నా సూది నేనే వేసుకున్నాను. వేసిన అరగంటకు కొలిచి తినడం, వేళ తప్పకపోవడం నేర్చుకున్నాను. షుగర్ మరీ పడిపోయి చెమటలు పట్టి చేతులు వణికితే కొంగున కట్టుకున్న బెల్లం వెంటనే తినాలని డాక్టరు చెప్పారు. ఆ బెల్లాన్ని పెదనాయన కళ్లముందే నమిలేదాన్ని.

మొన్న ఎనభై అయిదులో ఆయన కాలికి పుండు లేచి మానలేదు. కొర్రన్నమే కదా అని ఏళ్ల తరబడి గిన్నెడేసి తిన్నాడు. కొర్రలు కూడా కడుపులో షుగరే అవుతాయని, కొలత తప్పదని డాక్టరు తల బాదుకున్నారు. ఇన్సులిన్ రాశారు. మా వీధిలో సూది వేయడం తెలిసింది నాకొక్కదానికే.

మగ్గాల ముందే మంచం వేయించాను. అందరి ముందూ ఆయన ట్యూబు కాచాను. ఇటుక రంగు.

"దొంగతిండి తింటివా, పెదనాయనా?"

సిరంజి నింపి పట్టుకుని నిలబడ్డాను. ఆనాడు నేను తినలేదని అందరికీ చెప్పేదాకా వేయనన్నాను. అమ్మ కూడా అడ్డు రాలేదు.

"పాప తినలేదప్పా. నాకు తెలీక అట్ల సేసినాను," అన్నాడు.

అప్పుడు వేశాను. నొప్పి తెలియకుండా వేయడం నాకు బాగా వచ్చు. ఆ రోజు అంత శ్రద్ధ పెట్టలేదు.

ఇప్పుడు ఆయన పుండు మానింది. నేను రోజూ రెండు సూదులు వేసుకుంటూ మగ్గం నేస్తున్నాను. మీ ఇంట్లో ఇద్దరికి షుగర్ ఉంటే, ఎవరిది ఏ రకమో డాక్టరును విడివిడిగా అడగండి. ఒకరి పథ్యం చూసి ఇంకొకరి ఇన్సులిన్ ఆపకండి. పెదనాయన రోజూ పొద్దున వచ్చి నా ముందు చేయి చాపుతాడు, నేను వేస్తాను. ఆయన ట్యూబు మాత్రం ఇప్పటికీ మగ్గాల ముందే కాస్తాను.