అక్క వేళ్ల మధ్య ఎండ

అమ్మ విషజ్వరంతో పోయిన ఏడాదే అక్కకు మూర్ఛలు మొదలయ్యాయి. యుద్ధం నడుస్తున్న రోజులవి. చార్మినార్ వెనక గల్లీలో మా ఇల్లు. బాపు బర్రెపాలు అమ్మేవాడు. అక్కకు పదహారేళ్లుంటాయేమో. మధ్యాహ్నం పూట మేడ మీదికి వెళ్లి, సూర్యుడి వైపు ముఖం పెట్టి, చాచిన వేళ్లను కళ్ల ముందు గబగబా ఆడించేది. కాసేపటికి రెప్పలు కొట్టుకునేవి. పెదవుల మీద చిన్న నవ్వు వచ్చేది. ఆ తర్వాత పడిపోయేది.

ఒకరోజు చెయ్యి పట్టుకుని ఆపాను. "ఎందుకు గిట్ల జేస్తున్నవక్కా?"

"అమ్మ వస్తది," అంది. "ఎండ గట్ల కొట్టుకుంటుంటే, దాని నడుమ నిలబడి నన్ను పిలుస్తది. బాపుకు చెప్పకు."

చెప్పకుండా ఉండలేకపోయాను. బాపు ముందు దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాడు. పక్కింటి ఖాలా "దవాఖానాకు గూడ తీస్కపో భాయ్" అని పోరగా పోరగా, గల్లీ చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆ ముసలి డాక్టరు అంతా విన్నాడు. కిటికీ అవతల వెండిరేకులు కొట్టేవాళ్ల సుత్తుల చప్పుడు వినబడుతోంది. అటు వేలు చూపి ఉర్దూలో చెప్పాడు. నాకు అర్థమైనంత ఇది: "మెదడులో కణాలు కూడా ఇలాగే ఎవరి దెబ్బ వాళ్లు కొడుతుంటాయి. ఒకటి పక్కదాన్ని లేపుతుంది, ఇంకొకటి అణుస్తుంది. ఆ లేపడం, అణచడం నడుమనే మెదడులో వేగమైన కరెంటు అలలు పుడతాయని అనుకుంటున్నారు. ఈ పిల్ల ఎండను అదే వేగంతో ఆడిస్తోంది. అప్పుడు సుత్తులన్నీ ఒక్కసారే పడుతున్నాయి. అదే మూర్ఛ."

"మరి వాళ్లమ్మ?" అని అడిగాడు బాపు.

డాక్టరు తలెత్తకుండా మందు చీటీ రాశాడు.

మందు పనిచేసింది. అక్క పడిపోవడం మానేసింది. కానీ వేళ్లు ఎంత ఆడించినా అమ్మ రాలేదట. "మొఖం గూడ యాదికొస్తలేదే," అని నా ఒళ్లో తలపెట్టి ఏడ్చింది.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేనూ మేడెక్కి వేళ్లు ఆడించాను. ఎర్రటి వలలాంటిది కదిలింది, అంతే. ఇంతలో అక్క వచ్చి నా చెయ్యి లాగేసింది. కోప్పడుతుందనుకున్నాను. నా భుజాలు గట్టిగా పట్టుకుని, "కనబడ్డదా? ఏం చీర కట్టుకున్నది?" అంది.

ఏమీ కనబడలేదన్నాను. ఆమె చాలాసేపు నా కళ్లలోకే చూసింది. నేను దాస్తున్నానని బతికున్నన్నాళ్లూ నమ్మింది.