వాగు దాటని రోజు

మాది పుల్లలచెరువు దగ్గర ఒక పల్లె. రెండేళ్ల కిందట నాయనకు కిడ్నీలు పాడైతే, వారానికి రెండుసార్లు మార్కాపురం తీసుకెళ్లి డయాలసిస్ చేయించేదాన్ని.

ఆ రోజు వెళ్లాల్సిన రోజే. పొద్దున్నే టీవీ పెడితే, తుఫాను వస్తోంది, జిల్లాకు పెనుముప్పు, ఎవరూ గడప దాటొద్దు అని ఒకటే అరుపులు. కూలిన చెట్లు, కొట్టుకుపోయే కార్లు మళ్లీ మళ్లీ చూపించారు. అవి ఏ ఊరివో చెప్పలేదు.

“దారిలో వాగు పొంగితే నడిమధ్యన ఇరుక్కుంటాం. రేపు పోదాంలేమ్మా,” అన్నాడు నాయన.

“కాళ్లు అప్పుడే ఉబ్బినాయి కద నాయనా,” అన్నాను.

ఆటో నడిపే మస్తాన్ మామకు ఫోన్ చేశాను. “టీవీ చూడలేదా అమ్మీ? ఈ పొద్దు నేను రాలేను,” అన్నాడు.

సాయంత్రం దాకా తుఫాను వస్తుందని ఎదురుచూశాం. నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి.

తెల్లారేసరికి నాయనకు ఊపిరి అందడం లేదు. మస్తాన్ మామే పరుగున వచ్చి ఆటోలో ఎక్కించుకున్నాడు. వాగు దాటుతుంటే నాయన నా భుజం మీది నుంచి తల ఎత్తి చూశాడు.

“చుక్క నీళ్లు లేవు గదమ్మా,” అన్నాడు.

ఆయన మాట్లాడిన చివరి మాట అదే. మార్కాపురం చేరకముందే నా ఒళ్లో పోయాడు.

అదే తుఫానుకు మాకు చాలా దూరంలో, సముద్రం ఒడ్డున ఇళ్లు కూలాయని తర్వాత తెలిసింది. టీవీ వాళ్లు అబద్ధం చెప్పారని అనలేను. కానీ మా పల్లె ఎంత భయపడాలో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. మొన్న మళ్లీ తుఫాను వార్త వచ్చినప్పుడు అమ్మ నన్ను అడిగింది. “ఇప్పుడు నమ్మాల్నా, వద్దా?”