చదవగలిగినంత మాత్రాన

పత్రికల్లో పనిచేసినవాళ్లకు తమ కళ్ల గురించి కొంత గర్వం ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా బెంగళూరులో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో కూర్చున్నాను. వెలుతురు భుజం వెనక నుంచి పడాలి, గంటకోసారి లేచి కిటికీలోంచి దూరంగా చూడాలి, ఇంటికి వెళ్లగానే చన్నీళ్లతో ముఖం కడుక్కోవాలి. ఇవి చేరిన కొత్తలో ఒక పెద్దాయన నేర్పిన అలవాట్లు. రిటైరయ్యాక వీటిని ఇంటికి తెచ్చి నా భార్య మీద రుద్దాను.

ఆమెది బెంగళూరు పక్కనున్న ఆనేకల్. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. వాళ్లమ్మగారికి చివరి రోజుల్లో చూపు పూర్తిగా పోయింది. వయసు మీద పడింది కదా అని ఇంట్లో అందరూ సరిపెట్టుకున్నారు. నా భార్యకు అరవై నిండాక ఆ భయం మొదలైంది. ఒకనాడు పొద్దున కాఫీ ఇస్తూ అడిగింది.

"మా అమ్మకు మాదిరి నాకూ అయితాదేమో. ఒకసారి కండ్ల ఆసుపత్రికి పోదామా?"

పేపర్లో టెండరు ప్రకటనల అక్షరాలు అన్నిటికన్నా చిన్నవి. ఆ పేజీ తీసి ఆమె చేతికిచ్చి చదవమన్నాను. ఎక్కడా తడబడకుండా చదివింది. ఒక అచ్చుతప్పు కూడా పట్టుకుంది.

"ఇవి చదివే కళ్లకు ఆసుపత్రెందుకు?" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. అప్పటి నుంచి రోజూ పొద్దున ఆ పరీక్ష పెట్టేవాణ్ని. రోజూ నెగ్గేది. అలా రెండేళ్లు గడిచాయి.

ఆ రెండేళ్లలోనే ఆమె నడక మారింది. తలుపు రెక్కకు ఎడమ భుజం కొట్టుకునేది. మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు తప్పేది. ఎడమ చేతి పక్కన పెట్టిన లోటాలు దొర్లిపోయేవి. నేను విసుక్కునేవాణ్ని.

"ధ్యాస ఎక్కడ పెట్టి నడుస్తున్నావు?"

"ధ్యాస లేక కాదప్పా. ఆ లోటా అక్కడ లేకుండె."

"అంటే నడిచొచ్చిందా?"

"వచ్చిందేమో. మీ పేపర్లో వేయించండి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా కింది వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక నర్సు అద్దెకుంటుంది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, వండిన కూర గిన్నెలో పెట్టుకుని పైకి వచ్చింది. నా భార్య గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆ అమ్మాయి ఆమెకు ఎడమ పక్కన నిలబడి గిన్నె చాచింది. నా భార్య అందుకోలేదు, తల కూడా తిప్పలేదు. అమ్మాయి ఒక్క క్షణం ఆగి, గిన్నె కింద పెట్టి, ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఆంటీ, తల తిప్పకుండా నా ముక్కు వైపే చూడండి. నా చెయ్యి కనపడగానే చెప్పండి."

చేతిని చెవి వెనక నుంచి మెల్లగా ముందుకు తెచ్చింది. కుడి వైపున నా భార్య వెంటనే చెప్పింది. ఎడమ వైపున ఆ చెయ్యి దాదాపు ముఖం ముందుకు వచ్చేదాకా ఏమీ అనలేదు. ఒక్కో కన్ను మూయించి మళ్లీ చూసింది. ఆ అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది.

"ఎన్నాళ్ల నుంచి అంకుల్?"

"ఏమిటి ఎన్నాళ్ల నుంచి? ఆమె టెండరు ప్రకటనలు కూడా చదువుతుంది," అన్నాను.

"చదవడం వేరు. నడిమి చూపు ఆఖరిదాకా ఉంటది. పక్కల నుంచి తినుకుంటా వస్తది. రేపే చూపించండి."

"సుమ్నే, ఊరికే భయపెట్టొద్దమ్మా," అంది నా భార్య.

"నేను భయపెట్టడం కాదాంటీ. అంకుల్ ధైర్యం చెప్పడం ఎక్కువైంది."

మర్నాడు ఆసుపత్రిలో రకరకాల పరీక్షలు చేశారు. గ్లకోమా అన్నారు. పల్లెల్లో నీటికాసులు అనేది దీన్నే. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం మెల్లగా దెబ్బతింటుందని, నొప్పి ఉండదని డాక్టరమ్మ వివరించింది. ఎడమ కంటిలో చాలా భాగం పోయింది, కుడి కంట్లో కింది వైపు మొదలైంది. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవచ్చు.

"ఇంట్లో ఎవరికైనా ఉండేదా?"

"మా అమ్మకు. వయసైందని అనుకుంటిమి."

"మరి ముందే ఎందుకు రాలేదు?"

నా భార్య నా వైపు తల తిప్పింది. నేను నోరు తెరిచేలోపే డాక్టరమ్మతో అంది. "నాకు తెలీక."

ఆ మాట ఆమె నా కోసం అన్నదని మా ఇద్దరికీ తెలుసు. నేను దిద్దలేదు. అంతకన్నా పిరికి పని నా ఉద్యోగ జీవితంలో కూడా చేసి ఉండను.

ఇంటికి వచ్చే దారిలో ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ల కిందట ఆరోగ్యం పేజీకి కళ్ల సంరక్షణ మీద ఒక వ్యాసం దిద్దాను. క్యారెట్ల గురించి, వెలుతురు గురించి, కంప్యూటరు ముందు రెప్పలార్చడం గురించి ఉంది. చివరి పేరాలో, నలభై దాటినవాళ్లు చూపు బాగున్నా సరే, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, కంటి ఒత్తిడి చూపించుకుంటూ ఉండాలని ఉంది. వ్యాసం నాలుగు లైన్లు ఎక్కువైంది. డెస్కులో ఎవరైనా కింది నుంచే కోస్తారు, నేనూ కోశాను. క్యారెట్ల బొమ్మ మాత్రం ఉండిపోయింది.

చుక్కల మందులు రెండు. కింది రెప్ప లాగి ఒక్క చుక్కే వేయాలని, సీసా మూతి కంటికి తగలకూడదని, కన్ను మూసి ముక్కు పక్కన మూలను వేలితో కాసేపు నొక్కి ఉంచాలని, రెండో మందుకు ముందు కనీసం ఐదు నిమిషాలు ఆగాలని నర్సమ్మాయి నేర్పింది. మొదట్లో నేనే వేసేవాణ్ని, సగం చుక్కలు పక్కకు పోయేవి.

"కంటికి వేస్తాండారా, చెంపకు వేస్తాండారా?" అనేది నా భార్య, కన్ను మూసుకునే.

వారానికల్లా దివాను మీద పడుకుని తనే వేసుకోవడం నేర్చుకుంది. చెల్లెలికి ఫోన్ చేసి, "పేపరు చదివితే చాలదే, పోయి ఒత్తిడి చూపించుకో," అని గట్టిగా చెప్పింది. చెల్లెలు ఆసుపత్రికి వెళ్లేదాకా రోజూ చేసింది.

నేనేమో ఆమె వెనక తిరగడం మొదలుపెట్టాను. మెట్టు! ఎడమ పక్క! బండి! రోజంతా అరుపులే. నెల రోజులు ఓర్చుకుంది.

"ఉండే చూపుకు చుక్కలు వేసుకుంటాండా. మీ అరుపులకు ఏం మందుండాది?" అంది ఒక సాయంత్రం చెప్పులేసుకుంటూ. "పూలు తెస్తా. మీరు గేటు దాటి రావద్దు."

"రోడ్డు దాటాలి కదా."

"దాటేది ఎట్లనో డాక్టరమ్మ చెప్పింది నాకే. మీకు కాదు."

పూల బండి రోడ్డుకు అవతల ఉంటుంది. నేను గేటు లోపల నిలబడ్డాను. ఆమె రోడ్డు అంచున ఆగి తలను ఎడమకు, గడ్డం భుజానికి తగిలేంతగా తిప్పింది. తర్వాత చూపు దించి కాళ్ల ముందు నేల చూసుకుంది. తర్వాత కుడికి. మళ్లీ ఎడమకు తిప్పేసరికి ఒక స్కూటరు వచ్చింది. నేను అరవబోయాను. అంతకు ముందే ఆమె దాన్ని చూసి ఆగింది. స్కూటరు వెళ్లిపోయింది. మళ్లీ మొదటి నుంచి, అంతే నెమ్మదిగా, ఎడమకు, కిందికి, కుడికి చూసుకుంది.

అప్పుడు అడుగు వేసింది. ఆమె అవతలి అంచుకు చేరేదాకా నేను నోరు విప్పలేదు.