నేను తుడిచేసిన చప్పుడు

లైప్‌జిగ్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు ఒక పెద్దాయన దగ్గర పార్ట్‌టైం పని చేశాను. పాత గ్రామఫోను రికార్డులు పోగుచేయడం ఆయనకు పిచ్చి. అందులోనూ రెండో ప్రపంచయుద్ధానికి ముందు అమెరికా పల్లెల్లో నల్లజాతివాళ్లు ఒక్క గిటారు తోడుతో పాడిన బ్లూస్ పాటలంటే ప్రాణం. ప్రాణం అన్నది ఆయన మాట. ఆయనకు ఆ పాటలంటే ఇష్టమని నాకు ఒక్కరోజూ అనిపించలేదు. రికార్డు మీద అంకె ఎంత, లేబులు ఏ రంగు, అంచున పెచ్చు ఎక్కడ ఊడింది, లోకంలో ఇంకెన్ని కాపీలు మిగిలాయి, ఇవే ఆయన దిగుళ్లు. పాటలో ఈ మనిషి దేని గురించి ఇంతలా ఏడుస్తున్నాడని ఒకసారి అడిగితే, రికార్డు అంచున చెక్కిన నంబరు చదివి వినిపించాడు.

రోజంతా ఇంట్లోనే కూర్చునే ఆయన్ని కలవాలన్నా టెర్మిన్ ఉండాలి, అంటే ముందే రాసి సమయం తీసుకోవాలి. గుమ్మంలో చెప్పులు విప్పాలి, అది మనకూ అలవాటే. విప్పాక ఆయనిచ్చిన మెత్తటి ఉన్ని చెప్పులు తొడుక్కోవాలి. రికార్డు తిరుగుతున్నంతసేపూ కాలు కదపకూడదు. చెక్కనేల అదిరితే ముల్లు గంతేస్తుందట. నెలకో ఆదివారం మధ్యాహ్నం ఆయనలాంటివాళ్లే నలుగురు వచ్చి, కేకు తిని, వరసగా కూర్చునేవారు. జనం లేచి ఆడటానికి పుట్టిన పాటను సంతాపసభలో కూర్చున్నట్టు వినేవారు. అయిపోయాక కాపీ చాలా శుభ్రంగా ఉందని ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ శుభ్రం నా చేతిపనే. రికార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించి, గీతల చిటపటలూ బుసలూ తీసేయాలి. సిగ్నల్ ప్రాసెసింగ్ చదువుతున్నాను కాబట్టి చప్పుళ్ల విషయంలో నాకు తెలియనిది లేదని నా ధీమా. పని అయ్యాక కంప్యూటర్‌లోని అసలు కాపీని చెరిపేయాలి, అది బయటికి పోతే తన రికార్డుకు విలువ తగ్గుతుందని ఆయన భయం. కానీ తీసేసిన చప్పుళ్లను మాత్రం విడిగా ఇంకో ఫైల్లో దాచి చూపించాలి. ఈ దేశంలో పారేసేదాన్ని కూడా వేరుచేసి పెట్టాలి కదా. ఆ ఫైళ్లన్నిటికీ నేను తెలుగు అక్షరాల్లో "చెత్త" అని పేరు పెట్టేదాన్ని. ఆయన చదవలేడు, నాకు అదొక ఆనందం.

ఒకసారి ఆయన చాలా ఏళ్లుగా దాచుకున్న రికార్డు ఒకటి ఇచ్చాడు. మిసిసిపీ వైపు గాయకుడు, ఒకే ఒక్క రోజు ఏదో హోటలు గదిలో నాలుగు పాటలు పాడి వెళ్లిపోయినవాడు. రికార్డుకు సన్నటి పగులు ఉంది. పాటంతా అడుగున ధబ్ ధబ్ మని ఒక చప్పుడు. పగులు మీద ముల్లు తగిలినప్పుడల్లా వచ్చే చప్పుడని తేల్చేసి, ఒక్క మధ్యాహ్నంలో మొత్తం తుడిచేశాను.

నేను వంటింట్లో కూర్చుని ఆ పని చేస్తున్నప్పుడు నా రూమ్మేట్ పక్కనే కూరగాయలు తరుగుతోంది. కరీంనగర్ అమ్మాయి, నాకంటే చిన్నది, ఫోన్‌లో ఎప్పుడూ డీజే పాటలే. ఆమె అభిరుచి మీద నాకు పెద్ద గౌరవం ఉండేది కాదు. శుభ్రం చేసిన పాట పెట్టగానే కత్తి ఆపింది.

"అక్కా, ఇందాక దరువు ఉండె గదా, ఏడ పోయింది?"

అది దరువు కాదు, పగులు అన్నాను. పెళ్లి బరాత్‌లో ఎగిరేవాళ్లకు ఏ చప్పుడైనా దరువులాగే ఉంటుందని కూడా అన్నాను. ఆమె చిన్నబుచ్చుకుని మళ్లీ తరగడంలో పడింది.

తర్వాతి ఆదివారం ఆ నలుగురూ చేరినప్పుడు పెద్దాయన ఇంటికి ఒకావిడ వచ్చింది. కైసర్స్‌లౌటర్న్ దగ్గరున్న అమెరికా సైనికుల స్థావరంలో నర్సు. ఆ గాయకుడి మునిమనవరాలు. ఎన్నో ఉత్తరాలు రాస్తేగాని ఆమెకు టెర్మిన్ దొరకలేదు. గాయకుడి కూతురు, అంటే ఆమె అమ్మమ్మ, తొంభై దాటి అమెరికాలో మంచంలో ఉంది. ఆవిడకు నాలుగేళ్లప్పుడే తండ్రి పోయాడు. ఇంట్లో ఆయన రికార్డు ఒక్కటీ లేదు. ఆ ముసలావిడ కన్నుమూసేలోగా ఒక్కసారి వినిపించాలని ఈవిడ తాపత్రయం.

నా ఫైలు పెట్టారు. పెద్దమనుషులు తలలూపారు. ఆమె కళ్లు మూసుకుని రెండుసార్లు వింది.

"ఆయన కాలు ఏది?" అని అడిగింది.

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. అమ్మమ్మకు తండ్రి ముఖం గుర్తులేదు, గొంతు గుర్తులేదు. పాడుతూ ఆయన కాలితో నేలను తన్నేవాడట. పిల్ల చెక్కనేల మీద చెవి ఆనించి పడుకుని వింటూ నిద్రపోయేదట. ఆ చప్పుడొక్కటే గుర్తు. పెద్దాయన, అనవసరమైన చప్పుళ్లేవీ మిగలకుండా తీయించానని గర్వంగా నన్ను చూపించాడు. అసలు రికార్డు ఒక్కసారి వేయమని ఆమె బతిమాలింది. వేస్తే అరుగుతుందన్నాడు. సొంత మునిమనవరాలికి వినిపిస్తే అరిగిపోయేదాన్ని ఎవరి కోసం దాస్తున్నట్టు?

ఆయన్ని తిట్టుకుంటూనే మనసులో లెక్క కట్టాను. ఆ రికార్డు నిమిషానికి డెబ్బై ఎనిమిది సార్లు తిరుగుతుంది. పగులు చప్పుడైతే సరిగ్గా అన్నిసార్లే రావాలి. ఆ రోజు వంటింట్లో రూమ్మేట్ కత్తి ఆ ధబ్ ధబ్‌తో కలిసి అంతకంటే జోరుగా పడింది. నేను లెక్కపెట్టనేలేదు. నా చదువులో మొదటి నెలలో చెప్పే సంగతి అది. పైగా మా తాతయ్య బుర్రకథ చెప్పేవాడు. కాలి గజ్జె ఆగితే కథ ఆగినట్టేనని ఆయన దగ్గర విని పెరిగినదాన్ని. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

పెద్దాయన్ని అడక్కుండానే చెత్త ఫైలు తెరిచాను. నూనెలో తాలింపు వేగుతున్నట్టు చిటపటలు, వాటి మధ్య ఆ కాలు. ఆమె స్పీకరును బల్ల మీంచి దించి నేల మీద పెట్టింది. పక్కనే కూర్చుని చెక్క మీద అరచెయ్యి ఆనించింది. ఆ కాలు మా అందరి ఉన్ని చెప్పుల కిందకీ వచ్చింది. ఆదివారం పూట కింది ఇంటివాళ్లు గొడవ చేస్తారని పెద్దాయన గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

రెండు ఫైళ్లూ కలిపితే పాట మళ్లీ పూర్తిగా వస్తుంది, కలిపి పంపుతానన్నాను. అది తర్వాత పంపండి, అమ్మమ్మకు ముందు ఇది చాలు అంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే నా భుజం మీదుగా తెర చూస్తూ, ఆ గుండ్రటి అక్షరాలు బాగున్నాయి, మీ భాషలో ఏమని అర్థం అని అడిగింది.

దరువు అన్నాను.

అమ్మమ్మకు చెప్పాలని ఆ మాటను రెండు మూడుసార్లు పలికించుకుని నేర్చుకుంది. పేరు మార్చడానికి వీల్లేకుండా పక్కనే నిలబడింది. ఆ ముసలావిడ దగ్గరికి ఆమె తండ్రి కాలు, నేను రాసిన "చెత్త" అన్న పేరుతోనే వెళ్లింది.